నూకాలు రెప్ప వేయలేదు

విదియ

గమనిక రాస్తే తప్ప ఈ ప్రోగ్రాం మూసుకోనివ్వదట. కొత్త రూలు. రాస్తాను. నాకు రాయడం చేతకాదనుకున్నారేమో. అవతల చదివేది ఎవరైనా సరే, ముందు నా సంగతొకటి వినాలి. ఏళ్ళ తరబడి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

సముద్రం ఊళ్ళు మింగి, మమ్మల్ని ఈ తెప్పల మీదకి ఎక్కించిన రోజున గట్టు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. బల్ల వేసుకుని కూచుని, పేర్లు రాసుకుని, ఇంటికో మంచినీళ్ళ కుళాయి ఇస్తోంది. నా వంతొచ్చింది. సంతకం పెడతానమ్మా అన్నాను. ఆమె తలెత్తలేదు. నా బొటనవేలు పట్టుకుంది, సిరాలో ముంచింది, కాగితం మీద అద్దేసింది. "తర్వాత" అంది. వాడంతా నా వెనక నిలబడి చూసింది.

నేను సూరాడ కొర్లయ్యని. బడి గుమ్మం ఎక్కలేదు, నిజమే. కానీ ఈ వాడలో పడవల ముక్కు మీద పేర్లన్నీ నా చేతివే. ఏ పేరు కావాలంటే ఆ పేరు ఎవరిచేతనో ఇసకలో రాయించుకుని, అది చూసి చెక్క మీదకి దించేవాణ్ణి. దించి దించి అక్షరాలు నావైపోయాయి. ఉప్పునీళ్ళకి కూడా చెరగని అక్షరాలు. అలాంటోడి వేలు పట్టుకుని అద్దింది. ఆ ముద్ర తీసేసి నా సంతకం పెట్టుకోండని అడుగుతూనే ఉన్నాను. ఇప్పటిదాకా ఒక్కరు పలకలేదు.

సరే. ఇవాల్టి పని.

ఇవాళ తీగ వచ్చింది. సముద్రం అడుగునుంచి లాక్కొచ్చి, కుళాయిలు వదిలే నీళ్ళగదిలో నా కంప్యూటరు పెట్టెకి తగిలించారు. ఇన్నాళ్ళూ తెప్పలవాడ మనుషులు, ఇళ్ళు, కుళాయిలు అన్నీ ఈ పెట్టెలోనే ఉండేవి. పెళ్ళయితే పిల్ల పేరు ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి మార్చడం, పుడితే ఎక్కించడం, పోతే తీసెయ్యడం, ఇంట్లో మనుషుల్ని బట్టి కుళాయి వదలడం, అదంతా నా పని. ఇకమీదట అన్నీ గట్టు మీద పెద్ద సర్వరులో ఉంటాయట. సర్వరు చూసుకునే ఇందుమతి అనే అమ్మాయి ఫోనులో చెప్పింది.

"తాతగారూ, పట్టికలన్నీ మా దగ్గరుంటాయి. మీ పెట్టె కిటికీ లాంటిది. చూడొచ్చు, కొన్ని మార్చొచ్చు. సరుకు మాత్రం ఇక్కడే."

"అంటే నా కిటికీలోంచి మీ ఇంట్లో నా బియ్యం చూసుకోవాలి."

"అంతేనండి" అని నవ్వింది. ఆ నవ్వు బాగానే ఉంది గానీ నాకు మంట పుట్టింది.

సర్వరు చిరునామా కొట్టమంది. కొట్టాను. పేరు కొట్టమంది, దొంగమాట కొట్టమంది. అది కొడితే అక్షరాల బదులు చుక్కలు పడ్డాయి. నా అక్షరం నాకే చూపించదు! ఒక్క వేలితో కొడుతుంటే ఎక్కడో తప్పింది, అవతలివాడు పలకలేదు. మళ్ళీ కొట్టాను. గుండ్రంగా తిరిగింది, తిరిగింది, ఆగింది. పట్టిక తెరుచుకుంది.

ప్రతి గడిలోనూ ఒకటే మాట. తొలగించబడింది. తొలగించబడింది. పైనుంచి కిందదాకా వాడ మొత్తం తొలగించబడింది.

బయటికొచ్చి చూశాను. అందరూ ఉన్నారు. మా ఇంటిది ఏనాడో పోయింది, దాని తమ్ముడు చోడిపల్లి పెంటయ్య చుట్ట నోట్లో పెట్టుకుని వల అల్లుతున్నాడు.

"ఏటి బావా, అలా సూస్తన్నావు?"

"నువ్వు లేవురా."

"నానెక్కడికి పోనాను? ఇక్కడే ఉన్నాను గదా!"

మళ్ళీ ఫోను చేశాను. ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి ఏ గడి చూసి వేరు చెయ్యాలని ప్రోగ్రాం అడిగిందట, నేను పేరు గడి చూపించానట. మా వాడలో తాత పేరు మనవడికి పెడతారు, ఇంటికో కొర్లయ్య. సర్వరు తికమకపడి అందరినీ లేరంది. "నంబరు గడి చూపించండి తాతగారూ" అంది. చూపించాను. మనుషులు తిరిగొచ్చారు.

తదియ

అందరూ తిరిగి రాలేదు. నాలుగిళ్ళు అవతలికి ఎక్కలేదు. ఎర్రగా నిలబడి ఉన్నాయి. వాటి కింద ఒక ముక్క: "ఇంటి పెద్ద వ్యక్తుల పట్టికలో లేరు."

ఎందుకుంటారు? ఆ నాలుగిళ్ళకీ ఇంటి పెద్ద నూకాలు. నూకాలు పడవ.

మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర పట్టిన చేపలో మనిషికో పాలు, వలకో పాలు, పడవకో పాలు. పడవ తిరిగొచ్చి అందులో పోయిన మనిషి తిరిగి రాకపోతే, ఆ మనిషి ఇంటిని ఆ పడవే సాకాలి. పడవ పాలు ఆ ఇంటికే. నీళ్ళూ అంతే. ఇది మా కట్టు, గట్టు మీద చట్టం పుట్టకముందు నుంచీ ఉన్నది. ఒకసారి దాని మీద నలుగురు వేటకెళితే, తుపానులో నూకాలు ఒక్కత్తే తిరిగొచ్చింది. కట్టుతాడు నీళ్ళలో ఈడ్చుకుంటూ దానంతటది తెప్పకి వచ్చి ఆనుకుంది. లోపల నలుగురూ లేరు. అప్పటినుంచీ ఆ నలుగురి ఇళ్ళూ నూకాలు కింద ఉన్నాయి. పెంటయ్య సరంగుగా దాన్ని నడుపుతున్నాడు గానీ పడవ వాడిది కాదు. ఆ ఇళ్ళదీ కాదు. ఆ ఇళ్ళే పడవవి.

నా పెట్టెలో ఇంటి పెద్ద గడిలో నూకాలు అని రాసుకున్నాను. నా పెట్టె ఎప్పుడూ ఎందుకని అడగలేదు. అది మా పెట్టె.

ఇందుమతికి ఫోను చెయ్యొచ్చు. చెయ్యను. ప్రతిదానికీ ఫోను చేస్తే మళ్ళీ వేలు పట్టుకుని అద్దించుకున్నట్టే.

పోటు ఎక్కుతోంది. తెప్ప కింద తీగ తెప్పకి కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వింటుంటే కూచోబుద్ధి కావడంలేదు.

చవితి

దారి దొరికింది. వ్యక్తి పట్టికలో లేకపోతే వ్యక్తిని ఎక్కిస్తే పోలా?

కొత్త వ్యక్తి అని నొక్కాను. పేరు: నూకాలు. ఆడా మగా: ఆడ. వయసు: నేను దాని ముక్కు మీద పేరు రాసి, ఇటొక కన్ను అటొక కన్ను వేసిన ఏడాది నుంచి లెక్కేస్తే పదకొండు. వృత్తి: చేపలవేట. తల్లి పేరు లేనిదే కదలనంది. గంగమ్మ అని కొట్టాను. అబద్ధం కాదు. కంటిపాప గుర్తు పున్నమిలోగా చూపిస్తే చాలంది. పున్నమి ఇంకా ఎక్కడో ఉంది.

నొక్కాను. తిరిగింది. పచ్చబడింది. నాలుగిళ్ళూ దాని వెనకే పచ్చబడ్డాయి.

ఆ నాలుగిళ్ళలో ఒకటి దేశమ్మది. ఇద్దరాడపిల్లలు. కుళాయి వస్తోందా అని అడగడానికి నేనే వెళ్ళాను. బిందె నిండుతోంది. "ఎందుకు రాదు మామా?" అంది. ఎందుకు రాదో చెప్పలేదు. ఎలా వచ్చిందో చెప్పాను. కొంచెం పెద్దగా చెప్పాను, పక్క తెప్ప వాళ్ళకి వినపడేలా.

షష్ఠి

నూకాలుకి గట్టు నుంచి ఉత్తరం వచ్చింది. పెట్టె తెరవగానే మీదకి దూకింది.

"చిరంజీవి నూకాలు, వయసు 11. ఏ బడిలోనూ పేరు లేదు. వెంటనే చేర్చవలెను."

పెంటయ్యకి చదివి వినిపించడం నాదే బుద్ధితక్కువ. వాడు తెప్పమీద దొర్లి దొర్లి నవ్వాడు. వేటకెళ్ళేముందు పడవ ముక్కు తడుతూ, "ఒలే నూకాలూ, బడికి టైమైపోతంది. జడ ఏసుకోవేటి?" అన్నాడు. వాడంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సప్తమి

నవ్వు అయిపోయింది.

రెండో ఉత్తరం నా పేరుమీదే వచ్చింది. పదకొండేళ్ళ ఆడపిల్ల పేరున చేపలవేట వృత్తి రాసి ఉందట. తెల్లవారకముందే సముద్రం మీద ఉంటోందట, రేవులో పడవల పేర్లు రాసుకునే యంత్రం చెప్పిందట. పైగా నాలుగిళ్ళ భారం ఆ పిల్ల నెత్తిన ఉందట. పిల్లచేత చాకిరీ చేయిస్తున్న పెద్దమనిషి సూరాడ కొర్లయ్య సంజాయిషీ చెప్పాలట. విచారణ తేలేవరకు ఆ నాలుగిళ్ళూ "నిలుపుదల"లో ఉంటాయట.

నిలుపుదల అంటే ఏమిటో దేశమ్మ కుళాయి దగ్గర తెలిసింది. ధార దారమంత సన్నబడింది.

వయసు మారుద్దామని కూచున్నాను. పదకొండు తీసి డెబ్భై కొడితే, "ఈ గడి మార్చుటకు మీకు అనుమతి లేదు" అంది. తీసేద్దామంటే అదీ అనుమతి లేదు. నేనే ఎక్కించాను! నా చేత్తో ఎక్కించింది నా చేత్తో దించలేను. ఇన్నాళ్ళూ నా పెట్టెలో ఏ గడికైనా నాదే చెయ్యి. ఇప్పుడు అద్దం ఇవతల నిలబడి గోకుతున్నాను. నాకు మిగిల్చింది ఒకటే. ఏ ఇల్లు ఏ పెద్ద కింద ఉండాలో మార్చొచ్చు. పెళ్ళిళ్ళకి, చావులకి పనికొస్తుందని అది వదిలారు.

లేచాను, కుళాయి దగ్గరికెళ్ళాను, వచ్చి కూచున్నాను. మళ్ళీ లేచాను. ధార అలాగే ఉంది. మళ్ళీ వెళ్ళాను.

అష్టమి

మధ్యాహ్నం దేశమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నీళ్ళగది గుమ్మంలో నిలబడింది. చిన్నది వెనక కొంగు పట్టుకుని ఉంది, పెదాలు ఎండి ఉన్నాయి.

"మామా, బిందె నిండేసరికి పొద్దు వాలిపోతంది. ఏటి సేద్దారి?"

నా దగ్గర మందు సిద్ధంగా ఉంది. "నిన్నూ నీ ఇద్దరు గుంటల్నీ నా ఇంటి కిందకి మార్చేస్తాను. అది నా చేతిలో పని. ఈ పూటే కుళాయి తిన్నగా వస్తుంది. మిగతా మూడిళ్ళనీ తలో ఇంటి కిందకి సర్దేస్తాను."

"నీ ఇంటి కిందకొస్తే ఏటవుద్ది?"

ఉన్నది చెప్పాలి కదా. గట్టు రూలు ప్రకారం ఇంటి పెద్ద ప్రతి అమాసకీ వచ్చి, వీళ్ళు నా మనుషులే అని పెట్టెకి చెప్పాలి. చెప్పకపోతే కుళాయి కట్టేస్తారు.

ఆమె బిందె కింద పెట్టింది. "అంటే నెలకోపాలి నీ మొకం సూడాల."

"నేను చెప్పనా ఏంటే?"

"సెప్తావు. నువ్వు మంచోడివి. మంచోడి మొకం సూడ్డం ఇంకా కష్టం మామా." చిన్నదాన్ని ఎత్తుకుంది. "నువ్వు పోయాక నీ కొడుకు మొకం. ఆడి తరవాత ఆడి పెళ్ళాం మొకం. నూకాలు ఒక్కనాడైనా కాదందా? నా మొగుణ్ణి తీసుకెళ్ళింది, తేలేదు, సాకతంది. దానికీ నాకూ లెక్క సరిపోనాది. మజ్జిన మీరెవరు?"

"గొంతెండి చస్తారే."

"సూద్దారి. నన్ను మాత్రం ఎవరి కిందకీ మార్చకు. మార్చావో, ఈ బిందె నీ పెట్టె నెత్తిన కొడతాను."

కొడుతుంది. నాకు తెలుసు. మిగతా మూడిళ్ళ ఆడవాళ్ళూ ఆమె మాటే అన్నారు. పక్కిళ్ళ వాళ్ళు తలా చెంబెడు తెచ్చి వాళ్ళ బిందెల్లో పోశారు. ఎన్నాళ్ళు పోస్తారు? ఎవరి కుళాయికీ మిగులు లేదు.

అప్పుడు ఫోను చేశాను. "అమ్మా ఇందుమతీ, ఒకసారి రావాలి" అన్నాను.

"వస్తున్నాను తాతగారూ. పిల్లని చూడమని నాకు ఎలాగూ డ్యూటీ పడింది" అంది.

ఏ పిల్ల అని నేను అనలేదు. అనాల్సింది.

దశమి

లాంచీ దిగింది ఇందుమతి. సన్నగా, కళ్ళద్దాలు, మెళ్ళో కెమెరా పెట్టె. చేతిలో కొత్త బడిసంచీ. పలక, రెండు జతల బట్టలు అందులో ఉన్నాయి. పదకొండేళ్ళ పిల్ల కొలతకి ఆమే కొనుక్కొచ్చిందట.

వాడంతా చేరింది. ఆమె దేశమ్మ వైపు తిరిగింది. "పిల్ల ఏదమ్మా?"

దేశమ్మ గడ్డంతో చూపించింది. "అదుగో."

తెప్పకి కట్టి ఉన్న నూకాలు అలకి లేచి పడుతోంది. ముక్కు మీద నా అక్షరాలు, పక్కన నేను వేసిన కన్ను.

ఇందుమతి పడవ వెనక ఎవరైనా దాక్కున్నారేమోనని వంగి చూసింది. తర్వాత పేరు చదివింది. తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"తాతగారూ."

"ఏం?"

"పడవనా ఎక్కించారు?"

"నీ పట్టికే వ్యక్తి లేకపోతే ఒప్పుకోనంది. నేనేం చెయ్యను?"

"నన్ను అడగొచ్చు కదండీ!"

పెంటయ్య అందుకున్నాడు. "అడిగితే ఆ పెద్దరికం ఎక్కడ పెట్టుకోవాలమ్మా? ఆ బడిసంచీలో పట్టదు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వు ఆపుకోలేక తెప్ప మీద కూలబడింది. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నాక మొహం మారింది. సన్నటి ధార కింద దేశమ్మ బిందె కనిపించింది ఆమెకి.

వచ్చినందుకు కంటిపాప గుర్తు కోసం కెమెరా చూపించాలట, లేకపోతే ఆమె పని పూర్తి కాదట. పడవ ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూచుని పట్టింది. కెమెరా మాట్లాడింది, మెత్తని ఆడగొంతు. "కొంచెం దగ్గరగా రండి." అల పడవని దగ్గరికి తోసింది. "కదలకండి." కదలకుండా ఎలా ఉంటుంది, అది నీళ్ళ మీద ఉంది. పెంటయ్య, ఇంకో ఇద్దరు నీళ్ళలోకి దిగి పట్టుకున్నారు. "కన్ను దొరికింది" అంది కెమెరా.

నేను వేసిన కన్ను. దొరికిందంది!

"ఇప్పుడు రెప్ప వేయండి."

అలలు తెప్పకి తగులుతున్నాయి.

"రెప్ప వేయండి."

"ఎయ్యే తల్లీ" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

నూకాలు రెప్ప వేయలేదు.

ఏకాదశి

ఇందుమతి నిన్న ఇక్కడే ఉండిపోయింది. నీళ్ళగదిలో నా పక్కనే కూచుని తన కంప్యూటరు తెరిచి చూపించింది. రెండే మీటలు. వ్యక్తి ఉన్నారు. వ్యక్తి లేరు.

"ఉన్నారు అంటే నేను అబద్ధం రాసినట్టు. కంటిపాప లేదు, ఎలాగూ ఒప్పుకోదు. లేరు అంటే ఆ వరస పోతుంది."

"పోతే పోనీ. నూకాలుకి పట్టికలో ఉండాలని సరదా ఏం లేదు."

"ఒక్క నూకాలే పోదు తాతగారూ. దానికి తగిలించినవన్నీ పోతాయి. నాలుగిళ్ళు, అందులో మనుషులు, కుళాయిలు. కొమ్మ నరికితే ఆకులు మిగలవు కదా."

"ఎవడు కట్టాడు ఆ పద్ధతి?"

"శుభ్రం కోసం కట్టారు. పోయినవాళ్ళ ఇళ్ళు పట్టికలో దిక్కులేకుండా మిగిలిపోకూడదని."

దేశమ్మ గుమ్మంలోంచి వింటోంది. "దిక్కునేకుండా ఉండకూడదని నీళ్ళు కట్టేస్తారా?" అంది. ఇందుమతి తల దించుకుంది. ఆ పిల్లది తప్పు కాదు. ఈ ముక్క చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఆ పిల్లది తప్పు కాదు.

ఆమె ఏ మీటా నొక్కలేదు. వాయిదా అని రాసింది. కానీ పున్నమి దాటితే సర్వరు ఎవర్నీ అడగదట, కంటిపాప లేని వ్యక్తిని తనంతట తనే తీసేస్తుందట.

"పడవలకి వేరే పట్టిక ఒకటి చేసి, ఇంటి పెద్దగా దాన్నీ ఒప్పుకోమని పైకి రాశాను" అంది. "చెయ్యడం పెద్ద పని కాదు. ఒప్పుకోవడమే కష్టం. నా కాగితం ఏ బల్ల మీద ఉందో నాకే తెలీదు."

"నేను రాస్తున్న గమనికలు ఎవరైనా చదువుతారా?"

"పైకైతే వెళ్తాయి." తర్వాత ఉన్నమాట కూడా చెప్పింది. "పెద్ద గొడవైతే చదువుతారు తాతగారూ."

"ఎంత పెద్దదైతే?" అంది దేశమ్మ.

దేశమ్మ లోపలికొచ్చింది. ఈ గదిలోకి ఆమె ఎప్పుడూ రాలేదు. నా పెట్టె తెర దగ్గరగా మొహం పెట్టి చూసింది. అక్షరం రాదు ఆమెకి.

"నాలుగిళ్ళు పోతే గట్టు మీద ఎవుడూ తల తిప్పడు. నూకాలుకి వాడంతా తగిలించి ఉంటే?"

ఇందుమతి లేచి కెమెరా పెట్టె మెళ్ళో వేసుకుంది. "నేను ఇది వినలేదు" అని లాంచీ వైపు నడిచింది. సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చి, బడిసంచీ దేశమ్మ చిన్నదాని భుజానికి తగిలించి వెళ్ళింది.

ద్వాదశి

పొద్దున్నుంచీ నీళ్ళగది ముందు అరుపులు. అందరూ ఒప్పుకున్నారని రాస్తే అబద్ధం. "కుళాయిలన్నీ ఎండిపోతే సముద్రం తాగుతామేటి?" అన్నారు. "గట్టోల్లతో పందెమా?" అన్నారు. నిజమే, ఇది పందెమే. నూకాలు పేరు పోయిందంటే దానికి తగిలించిన ఇళ్ళన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.

పెంటయ్య కోడలు నెలబాలింత. చుట్ట ఆర్పి నీళ్ళగదిలోకొచ్చాడు. ఆ మనిషి నవ్వకపోతే నాకు భయం.

"నానెన్నిసార్లు దాని మీద ఎల్లి తిరిగొచ్చాను బావా? ఎప్పుడో ఒకనాడు రాకపోవచ్చు. అప్పుడు నా కోడలు ఎవడి మొకం సూడాల?" బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఎయ్యి. నా ఇల్లు నూకాలు కిందకి ఎయ్యి."

వేశాను. ఇంటి పెద్ద: నూకాలు. నా చేతిలో మిగిలిన ఒక్క గడి. పచ్చగా ఒప్పుకుంది, వెంటనే వాడి కుళాయీ సన్నబడింది. బయట నిలబడ్డవాళ్ళు ఆ చప్పుడు తగ్గడం విన్నారు. విని కూడా తర్వాతివాడు లోపలికొచ్చాడు. వాడి వెనక ఇంకొకడు.

చతుర్దశి

ఇది ఆఖరి గమనిక.

నిన్న పొద్దుపోయేదాకా వస్తూనే ఉన్నారు. తిట్టినవాళ్ళూ వచ్చారు, తిడుతూనే వచ్చారు. "పేరు సరిగ్గా కొట్టు ముసలోడా" అని నా నెత్తిమీద నిలబడ్డారు. ఇవాళ వాడలో ప్రతి కుళాయీ దారమంతే వస్తోంది. పిల్లలకి ముందు, తర్వాత ముసలివాళ్ళకి, తర్వాత మిగతావాళ్ళకి. వేటకి ఎవరూ వెళ్ళలేదు. గట్టు మీద మీకు చేప రాకపోతే కారణం అదే.

ఒక్క ఇల్లు మిగిలింది. నాది. దేశమ్మ ఏమీ అడగలేదు. పడవ ముక్కు దగ్గర కూచుని, వెలిసిపోయిన కన్నుకి ఉప్పు తుడుస్తోంది. నా ఇల్లు విడిగా ఉంటే, అంతా పోయినా నా కుళాయి ఉంటుంది. వాడంతా వచ్చి నా గుమ్మంలో బిందెలు పెట్టి నా మొహం చూస్తుంది. ఆమె ఆనాడన్నది అప్పుడు ఎక్కింది నాకు. చూసేవాళ్ళకే కాదు, చూపించుకునేవాడికీ కష్టమే.

నా ఇంటి గడి తెరిచాను. ఇంటి పెద్ద: సూరాడ కొర్లయ్య అని ఉంది. చెరిపాను. నూకాలు అని కొట్టాను. ఆ మూడక్షరాలు ఎలా ఉంటాయో నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు వినండి. అవతల బల్ల దగ్గర ఎవరున్నా సరే.

నూకాలు మనిషి కాదు. మనిషని రాసింది నేను, నా పొగరుకొద్దీ రాశాను, ఇందుమతికి అందులో చెయ్యి లేదు. కానీ నూకాలు ఇంటి పెద్ద. మనిషి కానిది ఇంటికి పెద్ద కాకూడదని రాసింది మీరు. నా తప్పు నేను చెప్పాను. మీది మీరు చెప్పండి. పడవలకి ఒక పట్టిక పెడతారా, పెట్టరా? పెట్టడం పెద్ద పని కాదని మీ పిల్లే అంది. పెట్టకపోతే మీ సర్వరు తనంతట తను చేసిందని తప్పుకోవద్దు. ఎవరో ఒకరు, పేరున్న మనిషి, "వ్యక్తి లేరు" అన్న మీట తన వేలితో నొక్కాలి. నొక్కేముందు నూకాలు కింద ఉన్న పేర్లన్నీ పైకి చదవాలి. పొడుగ్గా ఉంటుంది. గొంతు తడారితే నీళ్ళు తాగి చదవండి, మీకు వస్తాయి కదా.

జవాబు రేపు పున్నమి పోటు ఎక్కేలోగా కావాలి. తిథులు తెలియకపోతే కిటికీలోంచి చంద్రుణ్ణి చూడండి. మీ ఇంటికీ కిటికీ ఉండే ఉంటుంది.

కింద వేలిముద్ర వేయమని పెట్టె అడుగుతోంది. వేయను. ఒకసారి వేయించుకున్నారు, చాలు. పేరు కొడుతున్నాను, ఒక్కో అక్షరం, నా వేలితో.

సూరాడ కొర్లయ్య,
నూకాలు ఇంటివాడు.